శంకువు, స్థూపం ఘనపరిమాణాలపై మాటల లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పదో తరగతి క్షేత్రమితి పాఠంలో పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ లెక్కల దగ్గరే. సూత్రం నోటికొచ్చు, గుణకారాలూ వచ్చు. "ఒక బావి తవ్వగా వచ్చిన మట్టిని..." అని లెక్క మొదలవగానే మాత్రం పెన్ను కదలదు. టెన్త్ పిల్లలు, వాళ్లకు ఇంట్లో చదువు చెప్పే అమ్మానాన్నలు, పోటీ పరీక్షల కోసం పాత పుస్తకాలు మళ్లీ తెరిచినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలివి. కాలిక్యులేటర్ అక్కర్లేకుండా చేసుకునే అంకెలే చాలావరకు తీసుకున్నాం.

సూత్రాలన్నీ కంఠస్థం. అయినా మాటల లెక్క ఇస్తే ఎందుకు ఆగిపోతున్నాను?

సూత్రం అవసరం చివర్లో వస్తుంది కాబట్టి. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ లెక్కలో మారనిది ఏమిటి? బావిలోని మట్టి గట్టు మీదికి వచ్చింది. ఆకారం మారింది, మట్టి అంతే ఉంది. రాగి దిమ్మెను కరిగించి చిన్న శంకువులు పోశారు. రాగి అంతే ఉంది. పైపులోంచి వెళ్లిన నీరు తొట్టిలో చేరింది. నీరు అంతే ఉంది. ఆ మారనిదాన్ని ముందుగా ఒక తెలుగు వాక్యంగా రాసుకోండి: "తవ్విన మట్టి = గట్టులో ఉన్న మట్టి". సమీకరణం అంటే ఆ వాక్యమే. ఆ తర్వాత రెండు వైపులా సూత్రాలు పెట్టడం మామూలు పని.

మొదటిసారి చదివేటప్పుడు పెన్ను పక్కన పెట్టేయండి. అంకె కనబడగానే దాన్ని ఏదో ఒక సూత్రంలో పడేయాలన్న తొందరే చాలా తప్పులకు మూలం. రెండోసారి చదువుతూ బొమ్మ గీయండి, కొలతలు బొమ్మ మీదే రాయండి. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు.

అసలు ఎన్ని సూత్రాలు గుర్తుండాలి?

చాలా కొద్ది.

స్థూపం ఘనపరిమాణం = π × వ్యాసార్ధం² × ఎత్తు
శంకువు ఘనపరిమాణం = దానిలో మూడో వంతు
గోళం ఘనపరిమాణం = 4/3 × π × వ్యాసార్ధం³, అర్ధగోళానిది అందులో సగం
స్థూపం వక్రతల వైశాల్యం = 2 × π × వ్యాసార్ధం × ఎత్తు
శంకువు వక్రతల వైశాల్యం = π × వ్యాసార్ధం × ఏటవాలు ఎత్తు
ఏటవాలు ఎత్తు² = వ్యాసార్ధం² + ఎత్తు²

ఆఖరిది పైథాగరస్ సిద్ధాంతమే. గుర్తుపెట్టుకోవడానికి ఇంకో దారి: ఒకే వ్యాసార్ధం ఉండి, ఎత్తు కూడా ఆ వ్యాసార్ధమంతే ఉన్న శంకువు, అర్ధగోళం, స్థూపం తీసుకుంటే వాటి ఘనపరిమాణాలు 1 : 2 : 3 నిష్పత్తిలో ఉంటాయి. ఈ మూడింటిలో ఒకటి తెలిస్తే మిగతా రెండూ వచ్చేస్తాయి.

శంకువుకు మూడో వంతే ఎందుకు? సగం ఎందుకు కాదు?

చాలామందికి వచ్చే మంచి అనుమానం ఇది. దీర్ఘచతురస్రంలో త్రిభుజం సగం ఉంటుంది కదా, స్థూపంలో శంకువు కూడా సగం ఉండాలనిపిస్తుంది. శంకువును సరిగ్గా సగం ఎత్తులో అడ్డంగా కోసి చూడండి. అక్కడ వ్యాసార్ధం సగమే. వ్యాసార్ధం సగమైతే వృత్త వైశాల్యం సగం కాదు, నాలుగో వంతు. అంటే పైకి వెళ్లేకొద్దీ శంకువు త్రిభుజం కన్నా చాలా వేగంగా తరిగిపోతుంది. అందుకే సగం కన్నా తక్కువ.

సరిగ్గా మూడో వంతే అని అంకెల్లోనూ చూడొచ్చు. శంకువును సమాన మందంతో 10 బిళ్లలుగా కోశామనుకోండి. ఒక్కో బిళ్లను దాని కింది అంచంత వెడల్పున్న స్థూపంగా తీసుకుంటే, వాటి వైశాల్యాలు 1, 4, 9, 16... 100 నిష్పత్తిలో ఉంటాయి. వాటి మొత్తం 385. పూర్తి స్థూపమైతే 10 బిళ్లలూ ఒక్కోటి 100 చొప్పున 1000. నిష్పత్తి 0.385. అదే 100 బిళ్లలుగా కోస్తే 3,38,350 / 10,00,000, అంటే 0.33835. బిళ్లలు పలచబడేకొద్దీ ఇది 0.3333 దగ్గరికి చేరుతుంది.

బడిలో అట్టతో శంకువు చేసి, ఇసుక నింపి, అంతే వ్యాసార్ధం, అంతే ఎత్తు ఉన్న డబ్బాలో మూడుసార్లు పోసి చూపిస్తారు. అది నమ్మకం కలిగిస్తుంది, రుజువు మాత్రం కాదు. ఈ ఫలితాన్ని మొదట చెప్పినవాడు డెమోక్రిటస్ అనీ, రుజువు చేసినవాడు యుడోక్సస్ అనీ ఆర్కిమెడిస్ రాశాడు. ఇద్దరూ క్రీస్తుపూర్వం గ్రీకులే.

లెక్కలో అడిగింది ఘనపరిమాణమా, వైశాల్యమా? ఎలా తెలుస్తుంది?

క్రియాపదం చూడండి. పడుతుంది, నింపాలి, కరిగించారు, తవ్వారు, పోశారు, ముంచారు అని ఉంటే ఘనపరిమాణం. రంగు వేయాలి, గుడ్డ కావాలి, రేకు కావాలి, పూత పూయాలి, లేబుల్ అంటించాలి అని ఉంటే వైశాల్యం. లీటర్లు, ఘన మీటర్లు కనబడితే మొదటిది. "చదరపు మీటరుకు ఇన్ని రూపాయలు" అని ఉంటే రెండోది.

వైశాల్యమైతే ఇంకో ప్రశ్న వేసుకోవాలి: అడుగు కలుపుతామా, మూత కలుపుతామా? డేరాకు అడుగున గుడ్డ ఉండదు. మూత లేని డ్రమ్ముకు ఒక్క అడుగే. పుస్తకంలో సంపూర్ణతల వైశాల్యం సూత్రం ఉంది కదా అని అన్నిచోట్లా వాడేయకూడదు.

ఎత్తు, ఏటవాలు ఎత్తు: ఏది ఎక్కడ వాడాలి?

ఘనపరిమాణానికి ఎప్పుడూ నిలువు ఎత్తే. ఏటవాలు ఎత్తు గుడ్డకు, రేకుకు. ఒకే డేరాతో రెండూ చూద్దాం. శంకువు ఆకారంలో ఉన్న సర్కస్ డేరా వ్యాసార్ధం 7 మీ., ఎత్తు 24 మీ. ఏటవాలు ఎత్తు² = 49 + 576 = 625, కాబట్టి ఏటవాలు ఎత్తు 25 మీ. గుడ్డ = 22/7 × 7 × 25 = 550 చ.మీ. లోపలి గాలి = 1/3 × 22/7 × 49 × 24 = 1232 ఘ.మీ. గుడ్డ 5 మీ. పన్నాలో దొరుకుతుందంటే 110 మీటర్ల పొడవు కొనాలి.

ఏటవాలు ఎత్తు ఇచ్చి ఘనపరిమాణం అడగడం పేపరు తయారుచేసేవాళ్లకు ఇష్టమైన ఎత్తుగడ. "ఎత్తు" అన్న మాట కనబడగానే సూత్రంలో పెట్టేయకండి.

వ్యాసం ఇచ్చినప్పుడు సగం చేయడం మరచిపోతే ఎంత తేడా వస్తుంది?

సరిగ్గా నాలుగు రెట్లు. మీ జవాబు పుస్తకంలోని జవాబుకు నాలుగింతలుంటే ఇంకెక్కడా వెతక్కండి.

బావి మట్టితో గట్టు వేసే లెక్క అర్థం కాదు. విడమరిచి చెబుతారా?

4 మీ. వ్యాసం, 10.5 మీ. లోతు ఉన్న బావి తవ్వారు. ఆ మట్టిని బావి చుట్టూ 3 మీ. వెడల్పున సమంగా పరిచి గట్టు వేశారు. గట్టు ఎత్తెంత?

మారనిది మట్టి. బావి స్థూపం: వ్యాసార్ధం 2, కాబట్టి మట్టి = π × 4 × 10.5 = 42π. ఇప్పుడు గట్టు. ఇక్కడే చాలామంది π × 3² అని రాస్తారు. గట్టు నిండు వృత్తం కాదు, మధ్యలో బావి ఉంది. పైనుంచి చూస్తే అది కంకణం. లోపలి వ్యాసార్ధం 2, బయటి వ్యాసార్ధం 2 + 3 = 5. కంకణం వైశాల్యం = π × (25 − 4) = 21π. ఎత్తు = 42π / 21π = 2 మీ.

22/7 ఎక్కడా వాడలేదని గమనించారా? రెండు వైపులా π ఉంటే కొట్టేయొచ్చు. పరీక్షలో ఇది మిగిల్చే సమయం తక్కువేమీ కాదు.

నిజంగా బావి తవ్వేవాళ్లను అడిగితే ఈ లెక్కకు నవ్వుతారు. తవ్విన మట్టి వదులై ఎక్కువ చోటు తీసుకుంటుంది. గట్టు 2 మీటర్ల కన్నా ఎత్తే వస్తుంది. లెక్కలో అది లేదనుకుని చేస్తాం.

కరిగించి పోత పోసే లెక్కలు, ఐస్‌క్రీం లెక్కలు?

రెండూ ఒకటే. 6 సెం.మీ. వ్యాసార్ధం, 14 సెం.మీ. ఎత్తు ఉన్న రాగి స్థూపాన్ని కరిగించి, 3 సెం.మీ. వ్యాసార్ధం, 7 సెం.మీ. ఎత్తు ఉన్న శంకువులు పోస్తే ఎన్ని వస్తాయి? π వదిలేస్తే స్థూపం 36 × 14 = 504. ఒక శంకువు 1/3 × 9 × 7 = 21. సంఖ్య 24.

ఐస్‌క్రీం లెక్కలో అదనంగా ఒక అర్ధగోళం ఉంటుంది. 20 సెం.మీ. వ్యాసం, 18 సెం.మీ. ఎత్తు ఉన్న డబ్బా నిండా ఐస్‌క్రీం ఉంది. 6 సెం.మీ. వ్యాసం, 9 సెం.మీ. ఎత్తు ఉన్న కోన్లు నింపి, పైన అర్ధగోళంలా పెట్టాలి. డబ్బా: 100 × 18 = 1800. కోన్: 1/3 × 9 × 9 = 27. పైన అర్ధగోళం: 2/3 × 27 = 18. ఒక్కో కోన్‌కు 45. మొత్తం 40 కోన్లు. పైది గోళం అనుకుని 4/3 వాడినవాళ్లకు 28 చిల్లర వస్తుంది. జవాబు ఇలా తెగకుండా వస్తే మొదట అనుమానించాల్సింది అక్కడే.

శంకువు ఆకారపు గ్లాసులో సగం ఎత్తు దాకా నీళ్లు పోస్తే సగం గ్లాసు నిండినట్టేనా?

కానే కాదు. మొన కిందికి ఉంటే ఎనిమిదో వంతే నిండుతుంది. సగం ఎత్తులో వ్యాసార్ధమూ సగమే. నీళ్ల ఆకారం పెద్ద శంకువుకు సరిగ్గా చిన్న నకలు, అన్ని కొలతలూ సగం. సగం × సగం × సగం = 1/8. నిజంగా సగం గ్లాసు నింపాలంటే సుమారు 79 శాతం ఎత్తు దాకా పోయాలి. మూసి ఉన్న శంకువును మొన పైకి వచ్చేలా నిలబెట్టి సగం ఎత్తు దాకా నింపితే 7/8 నిండుతుంది.

ఈ ఒక్క ఆలోచనతో బకెట్ లెక్కలు కూడా లొంగుతాయి. బకెట్ అంటే మొన కోసేసిన శంకువే. పై వ్యాసార్ధం 14 సెం.మీ., అడుగు వ్యాసార్ధం 7 సెం.మీ., ఎత్తు 24 సెం.మీ. అనుకోండి. వ్యాసార్ధం సగం కావడానికి 24 సెం.మీ. పట్టింది, సున్నా కావడానికి ఇంకో 24 పడుతుంది. అంటే పూర్తి శంకువు ఎత్తు 48. దాని ఘనపరిమాణం 1/3 × 22/7 × 196 × 48 = 9856 ఘ.సెం.మీ. కోసేసిన మొన అందులో 1/8. మిగిలింది 9856 × 7/8 = 8624 ఘ.సెం.మీ., అంటే సుమారు 8.6 లీటర్లు. దీనికి వేరే పెద్ద సూత్రం ఉంది, కావాలంటే నేర్చుకోండి. అది మరచిపోయిన రోజు కూడా ఈ దారి పనిచేస్తుంది.

వస్తువును నీళ్లలో ముంచితే నీటిమట్టం ఎంత పెరుగుతుంది?

వస్తువు పూర్తిగా మునిగితే, పెరిగిన నీటి ఘనపరిమాణం = వస్తువు ఘనపరిమాణం. 6 సెం.మీ. వ్యాసార్ధమున్న స్థూపాకార పాత్రలో, 3 సెం.మీ. వ్యాసార్ధం, 12 సెం.మీ. ఎత్తు ఉన్న ఇనుప శంకువు మునిగింది. శంకువు: 1/3 × 9 × 12 = 36. పాత్ర అడుగు: 36. కాబట్టి 1 సెం.మీ. పెరుగుతుంది (రెండు వైపులా π కొట్టేశాం). పాత్ర ముందే అంచు దాకా నిండి ఉంటే మట్టం పెరగదు. 36π, అంటే సుమారు 113 ఘ.సెం.మీ. నీళ్లు ఒలికిపోతాయి. "నిండుగా ఉన్న" అన్న మాట లెక్కలో ఉందో లేదో చూసుకోండి.

కల్లంలో వడ్ల రాశిని ఈ లెక్కతో కొలవొచ్చా?

కొలవొచ్చు, మనవాళ్లు ఎప్పటినుంచో కొలిచారు కూడా. రాశి మధ్యలోకి టేపు పెట్టి వ్యాసార్ధం కొలవలేం. చుట్టుకొలత మాత్రం తేలికగా దొరుకుతుంది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఇలాంటి లెక్కలకు రాశి వ్యవహారమని ఒక విభాగమే ఉంది. ఆయన పద్ధతి: చుట్టుకొలతలో ఆరో వంతును వర్గం చేసి ఎత్తుతో గుణించాలి. ఎత్తు కొలిచే వీల్లేకపోతే దానికీ ఒక అంచనా ఇచ్చాడు. ముల్లున్న ధాన్యానికి చుట్టుకొలతలో తొమ్మిదో వంతు, ముతక గింజలకు పదో వంతు, సన్న గింజలకు పదకొండో వంతు. గింజ సన్నబడేకొద్దీ రాశి జారి పరుచుకుంటుందన్న సంగతి ఆ మూడు అంకెల్లో ఉంది.

ఒక రాశి చుట్టుకొలత 13.2 మీ., ఎత్తు 1.5 మీ. మన పద్ధతిలో వ్యాసార్ధం = 13.2 × 7/44 = 2.1 మీ. ఘనపరిమాణం = 1/3 × 22/7 × 4.41 × 1.5 = 6.93 ఘ.మీ. భాస్కరుడి పద్ధతిలో 2.2 × 2.2 × 1.5 = 7.26 ఘ.మీ. తేడా సుమారు 5 శాతం. ఆయన సూత్రంలో π బదులు 3 దాగి ఉండటమే దీనికి కారణం. ఆయనకు తెలియక కాదు, అదే పుస్తకంలో 22/7, ఇంకా సూక్ష్మమైన 3927/1250 రెండూ ఉన్నాయి. ధాన్యం బేరానికి నోటి లెక్క చాలనుకుని ఉంటాడు. ఎత్తు అంచనా కూడా చూడండి: 13.2లో తొమ్మిదో వంతు 1.47 మీ., మన రాశి ఎత్తుకు దగ్గరగానే ఉంది.

వడ్లు రకాన్ని, తేమను బట్టి ఘన మీటరుకు సుమారు 550 నుంచి 600 కిలోలు తూగుతాయి. 575 అనుకుంటే ఈ రాశి దాదాపు 3,985 కిలోలు, 75 కిలోల బస్తాలైతే 53. కాటా వేసినప్పుడు అటూ ఇటూ అవుతుంది, ఎందుకంటే రాశి అచ్చమైన శంకువుగా ఉండదు.

గోడకు ఆనించి పోసిన రాశి సగం శంకువు. గది లోపలి మూలలో పోసింది పావు. గోడ బయటి మూల చుట్టూ పోసింది ముప్పావు. కనబడే చుట్టుకొలతను వరుసగా 2, 4, 4/3తో గుణించి, పూర్తి రాశిగా లెక్కకట్టి, తర్వాత అదే సంఖ్యతో భాగించమని లీలావతి చెబుతుంది. ఇవి పరీక్షల్లో ఎందుకు ఇవ్వరో గానీ, పుస్తకాల్లో ఉండే చాలా లెక్కల కన్నా బాగుంటాయి.

లీటర్లు, ఘన మీటర్లు, సెంటీమీటర్లు కలిసిపోతే?

1 లీటరు = 1000 ఘ.సెం.మీ. 1 ఘ.మీ. = 1000 లీటర్లు = 10 లక్షల ఘ.సెం.మీ. మీటరుకు 100 సెంటీమీటర్లు కదా అని ఘన మీటరుకు 100 ఘన సెంటీమీటర్లు వేసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. లెక్క మొదట్లోనే అన్ని పొడవులనూ ఒకే ప్రమాణంలోకి మార్చేస్తే ఈ గొడవ ఉండదు.

పైపు లెక్కల్లో ఇది మరీ అవసరం. 14 సెం.మీ. లోపలి వ్యాసమున్న పైపులో నీరు గంటకు 5 కి.మీ. వేగంతో పోతోంది. 14 మీ. వ్యాసం, 1.5 మీ. లోతు ఉన్న గుండ్రటి తొట్టి ఎంతసేపట్లో నిండుతుంది? గంటలో పైపులోంచి బయటికి వచ్చిన నీరు 5000 మీ. పొడవున్న సన్నని స్థూపం. 22/7 × 0.07 × 0.07 × 5000 = 77 ఘ.మీ. తొట్టి 22/7 × 49 × 1.5 = 231 ఘ.మీ. కాబట్టి 3 గంటలు. వేగాన్ని పొడవుగా చూడటమే ఇందులో ఉన్న కిటుకు.

π విలువ 22/7 వేయాలా, 3.14 వేయాలా?

ప్రశ్నలో చెబితే అదే. చెప్పకపోతే, వ్యాసార్ధం 7తో తెగుతుంటే 22/7. ఏదైనా సరే, చివరి వరుస దాకా π అనే ఉంచండి.

ఒకే కాగితాన్ని నిలువుగా చుట్టినా, అడ్డంగా చుట్టినా ఒకే ఘనపరిమాణం వస్తుందా?

రాదు. ఏ4 కాగితం 21 × 29.7 సెం.మీ. పొడవాటి అంచు చుట్టుకొలత అయ్యేలా చుడితే సుమారు 1474 ఘ.సెం.మీ., పొట్టి అంచు చుట్టుకొలత అయితే సుమారు 1042. కాగితం అంతే, వక్రతల వైశాల్యమూ అంతే. వ్యాసార్ధం రెండుసార్లు గుణకారంలోకి వస్తుంది, ఎత్తు ఒక్కసారే. అందుకే పొట్టిగా లావుగా ఉన్నదే గెలుస్తుంది. వ్యాసార్ధం రెట్టింపు చేసి ఎత్తు సగం చేసినా ఘనపరిమాణం రెట్టింపవుతుంది.

జవాబులో దశాంశం వస్తే పైకి సవరించాలా, కిందికా?

ఎన్ని గ్లాసులు నిండుతాయి అంటే 17.8 వచ్చినా 17. ఎన్ని డబ్బాల రంగు కొనాలి అంటే 17.2 వచ్చినా 18. గణిత నియమం కన్నా సందర్భం ముఖ్యం ఇక్కడ.

జవాబు సరైనదో కాదో పరీక్ష హాల్లోనే ఎలా సరిచూసుకోవాలి?

ఆ ఆకారం సరిగ్గా పట్టే పెట్టెను ఊహించుకోండి. స్థూపం ఆ పెట్టెలో 11/14 వంతు, అంటే నాలుగింట మూడు వంతుల కన్నా కాస్త ఎక్కువ నింపుతుంది. శంకువు నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ. ఇంటి మీది ట్యాంకు వ్యాసం 1.4 మీ., ఎత్తు 1.3 మీ. అనుకోండి. పెట్టె 1.4 × 1.4 × 1.3, సుమారు 2.55 ఘ.మీ. అందులో ముప్పావు కన్నా కొంచెం ఎక్కువ, అంటే 2 ఘ.మీ., 2000 లీటర్లు. మీ జవాబు 8000 వచ్చిందంటే వ్యాసం సగం చేయలేదు. 200 వచ్చిందంటే లీటర్లలోకి మార్చేటప్పుడు ఒక సున్నా పోయింది. 667 వస్తే ట్యాంకుకు శంకువు సూత్రం వేశారు.